బార్ కౌన్సిల్ ఏడాది పని: మనం అడగని లెక్క

(జిల్లా కోర్టు ఆవరణలో యువ న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, చెప్పిందే మళ్లీ చెప్పిన చోట మాత్రం కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. మొదటి రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. సీనియర్లు వస్తారేమోనని వదిలేసినట్టున్నారు, వస్తే వాళ్లకి కుర్చీలు తెప్పిద్దాం, మీరు కూర్చోండి.

రాష్ట్ర బార్ కౌన్సిల్ ఏడాది పొడవునా ఏం పని చేస్తుందో చెప్పమన్నారు. వినడానికి చప్పటి విషయం, నాకు తెలుసు. కానీ ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరి సనదూ, అంటే న్యాయవాదిగా చేరినట్టు ఇచ్చే పత్రం, అలాంటి ఆఫీసు నుంచే వచ్చింది. రేపు ఎవరైనా మన మీద ఫిర్యాదు పెడితే నోటీసు వచ్చేదీ అక్కడి నుంచే, మనం మంచాన పడితే ఇంట్లోవాళ్లు అర్జీ పట్టుకుని వెళ్లేదీ అక్కడికే. అంత దగ్గరి సంబంధం ఉన్న ఆఫీసు గురించి మనలో చాలామందికి తెలిసిందల్లా ఐదేళ్లకోసారి ఎన్నికలప్పుడు వచ్చే ఫోన్లు, వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లు. ఆ తర్వాత మళ్లీ ఎన్నికల దాకా మనం అడిగేదీ లేదు, వాళ్లు చెప్పేదీ లేదు. ఈ పద్ధతి మారాలనే ఇవాళ వచ్చాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం, ఎందుకంటే జనానికే కాదు, కొత్తగా కోటు వేసుకున్న మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ కూడా ఇది ఉంటుంది. మనం కూర్చున్న ఈ హాలు బార్ అసోసియేషన్‌ది. అసోసియేషన్ అంటే మనమందరం చందా కట్టి పెట్టుకున్న సంఘం. ఫలానా కోర్టులో ప్రాక్టీసు చేసేవాళ్లు కలిసి నడుపుకునేది. బార్ కౌన్సిల్ అలా కాదు, అది చట్టం పుట్టించిన సంస్థ. 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో 3వ సెక్షన్ కింద రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు, 4వ సెక్షన్ కింద ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అసోసియేషన్‌లో సభ్యత్వం మానుకున్నా ప్రాక్టీసు చేసుకోవచ్చు. కౌన్సిల్ రోల్‌లో, అంటే న్యాయవాదుల జాబితాలో, పేరు లేకపోతే మాత్రం వకాలత్ మీద, అంటే క్లయింట్ తన తరఫున వాదించమని ఇచ్చే పత్రం మీద, సంతకం పెట్టే హక్కే లేదు.

ఆ హక్కు మన చేతికి ఊరికే రాలేదు. అంతకుముందు వకీళ్లు వేరు, ప్లీడర్లు వేరు, ముఖ్తార్లు వేరు, బారిస్టర్లు అందరికంటే పైన. ఎవరు ఏ కోర్టులో నిలబడాలో హైకోర్టులు చెప్పేవి, తప్పు చేస్తే శిక్ష వేసేదీ హైకోర్టులే. 1926లో ఇండియన్ బార్ కౌన్సిల్స్ యాక్ట్ వచ్చినా పగ్గాలు హైకోర్టుల దగ్గరే ఉండిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో జస్టిస్ ఎస్.ఆర్.దాస్ అధ్యక్షతన అఖిల భారత బార్ కమిటీ వేశారు. దేశమంతటికీ ఒకే బార్ ఉండాలి, న్యాయవాదుల్ని చేర్చుకునే అధికారం న్యాయవాదుల సంస్థకే ఉండాలి అనే ఆలోచన ఆ కమిటీ నుంచి బలంగా ముందుకొచ్చింది. 1961 చట్టం దాన్నే అమలులోకి తెచ్చింది. ఇంకొంచెం వెనక్కి వెళితే, ఆడవాళ్లు వకీలు పని చేయకూడదన్న అడ్డంకిని తీసేసింది 1923 చట్టం. అంటే సగం జనాభాకి మన వృత్తిలోకి తలుపు తెరుచుకుని వందేళ్లు దాటింది. కౌన్సిల్‌లో వాళ్ల వాటా ఎంత అన్నది చివర్లో చెబుతాను.

సరే, ఏడాది పని. చట్టంలో 6వ సెక్షన్ తెరిచి చూడండి, పనులన్నీ అక్కడే రాసి ఉన్నాయి. అర్హత ఉన్నవాళ్లని న్యాయవాదులుగా చేర్చుకోవడం, రోల్ నిర్వహించడం, దుష్ప్రవర్తన ఫిర్యాదులు విచారించి తేల్చడం, న్యాయవాదుల హక్కులు కాపాడటం, పేదలకు న్యాయ సహాయం, చట్ట సంస్కరణలకు తోడ్పడటం, సెమినార్లు పెట్టడం, పత్రికలు వేయడం, నిధులు చూసుకోవడం, తమ ఎన్నికలు తామే జరుపుకోవడం. వీటన్నిటి గురించీ మాట్లాడితే మీకు లంచ్ ఉండదు. నేను మూడు నాలుగింటి మీదే నిలబడతాను.

మొదటిది ఎన్‌రోల్‌మెంట్. ముగ్గురు సభ్యుల ఎన్‌రోల్‌మెంట్ కమిటీ ఉంటుంది. డిగ్రీలు, మార్కుల జాబితాలు, కేసులేమైనా ఉన్నాయా, ఇంకో ఉద్యోగం చేస్తున్నారా, అన్నీ చూసి రోల్‌లో చేర్చుకుంటారు. ఎవరినైనా వద్దనాలంటే కమిటీ తనంతట తాను వద్దనడానికి లేదు, కారణాలు రాసి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అభిప్రాయం అడగాలి. ఇది మంచి రక్షణ. ఆ తర్వాత మీరు రాసే ఆలిండియా బార్ ఎగ్జామ్ 2011లో మొదలైంది. దాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచి, 2023 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, ఆ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఉందని తేల్చింది.

ఇక ఫీజు సంగతి. చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు రాష్ట్ర కౌన్సిల్‌కి 600, ఢిల్లీకి 150, మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 100, 25 కలిపి 125. ఈ అంకె 1993 సవరణలో పెట్టింది. కానీ వసూలు చేసింది ఎంత? లైబ్రరీ ఫండ్ అని, వెల్ఫేర్ ఫండ్ అని, వెరిఫికేషన్ అని, ఐడీ కార్డు అని ఒక్కో పద్దు కిందా కలుపుకుంటూ పోయి దేశంలో చాలా రాష్ట్రాల్లో వేలల్లోకి తీసుకెళ్లారు, ఒడిశాలోనైతే 42 వేలు. కూలి పనికి పోయే తల్లిదండ్రులు అప్పు చేసి లా చదివించిన పిల్ల, ఇంకా ఒక్క రూపాయి ఫీజు కళ్లచూడకముందే ఈ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చట్టంలో రాసినదానికి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దని తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది, "ఆప్షనల్" అని పేరు పెట్టి తీసుకోవడం కూడా కుదరదని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నేను ఈ తీర్పు పక్షాన పూర్తిగా ఉన్నాను. కౌన్సిళ్లకి ఆదాయం పడిపోయిందన్న మాట నిజమే. 1993 నాటి 600తో ఇవాళ ఒక ఆఫీసు నడవదు, అదీ నిజమే. అలాంటప్పుడు పార్లమెంటుకి వెళ్లి సెక్షన్ మార్పించుకోవాలి. చట్టం చెప్పుకుని బతికే మన సంస్థే చట్టాన్ని పక్కన పెట్టి డబ్బు తీసుకుంటే, రేపు కోర్టులో నిలబడి ఏ ఆఫీసుని ప్రశ్నించగలం?

రోల్‌లో చేర్చుకోవడంతో పని అయిపోదు, ఆ రోల్‌ని శుభ్రంగా ఉంచాలి. చనిపోయినవాళ్ల పేర్లు తీయాలి, వేరే రాష్ట్రానికి మారినవాళ్ల పేర్లు బదిలీ చేయాలి. ఈ బదిలీకి ఫీజు లేదు, 18వ సెక్షన్ చూడండి, చాలామందికి తెలియదు. పూర్తికాలం ఉద్యోగంలో చేరినవాళ్లు సనదు సస్పెండ్ చేయించుకోవాలి. వీటన్నిటికంటే పెద్దది నకిలీ డిగ్రీల బెడద. దీని కోసం 2015లో వెరిఫికేషన్ రూల్స్ వచ్చాయి, పని నత్తనడకన సాగింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తన రిటైర్డ్ జడ్జి జస్టిస్ దీపక్ గుప్తా అధ్యక్షతన కమిటీ వేసి, సర్టిఫికెట్లు సరిచూసి ఇచ్చేందుకు యూనివర్సిటీలు ఫీజు అడగవద్దని కూడా చెప్పింది. వెరిఫికేషన్ ఫారం నింపమంటే మనవాళ్లు విసుక్కుంటారు. "ఇన్నేళ్లు ప్రాక్టీసు చేశాను, ఇప్పుడు నా డిగ్రీ చూపించాలా" అంటారు. చూపించాలి. నకిలీ సర్టిఫికెట్‌తో కోర్టులో నిలబడ్డవాడు ఓడించేది తన క్లయింట్‌నే, ఆ క్లయింట్‌కి భూమి పోతుంది, లేదా జైలు పడుతుంది. మన విసుగు దాని ముందు ఎంత?

సంక్షేమం గురించి త్వరగా చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే అన్ని మీటింగుల్లోనూ మాట్లాడేది అదే. వకాలత్ మీద అతికించే వెల్ఫేర్ స్టాంపు 1987 నాటి అడ్వకేట్స్ వెల్ఫేర్ ఫండ్ చట్టం నుంచి వచ్చింది. ఆ డబ్బే, న్యాయవాది చనిపోతే కుటుంబానికి, ప్రాక్టీసు మానేస్తే ఆయనకి చేరుతుంది. కాబట్టి స్టాంపు అతికించకుండా దాఖలు చేసే ప్రతి వకాలత్ మనలో ఒకరి ఇంటి డబ్బు అని గుర్తుపెట్టుకోండి. తెలంగాణలో ప్రభుత్వం 100 కోట్లు కేటాయించి సంక్షేమ ట్రస్ట్ పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్ 3న, అడ్వకేట్స్ డే రోజున, జూనియర్లకు నెలకి 5000 చొప్పున స్టైపెండ్ పథకం మొదలైంది. ఇవి ప్రభుత్వాలు ఇచ్చినవి, ప్రభుత్వాలు మారితే మారతాయి. సీనియర్లు జూనియర్లకు ఇవ్వాల్సిన దాని గురించి 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ పంపింది. పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని సలహా. ఆ సర్క్యులర్ ఎంతమంది సీనియర్లు చదివారో మీలో ప్రతి జూనియర్‌కీ తెలుసు.

రక్షణ గురించి కూడా ఒక్క మాట. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతుల్ని పట్టపగలు, నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా నరికి చంపారు. దాని తర్వాత కొన్ని రోజులు మనం విధులు బహిష్కరించాం, ర్యాలీలు తీశాం. రాజస్థాన్, కర్ణాటక 2023లో న్యాయవాదుల రక్షణకు ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. బహిష్కరణ పిలుపు ఇవ్వడం తేలిక. కానీ న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని 2002లోనే హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పైగా వాయిదా పడిన కేసులో నష్టపోయేది మన క్లయింటే. రక్షణ చట్టం కోసం ముసాయిదా రాసి, ఎమ్మెల్యేల చుట్టూ తిరిగి, శాసనసభలో పెట్టించే పని చేయాల్సింది కౌన్సిల్. అది నిదానంగా, ఓపికగా చేయాల్సిన పని, ఫొటోలకు పనికొచ్చే పని కాదు.

ఇప్పుడు నేను అసలు ఎందుకొచ్చానో అక్కడికి వస్తాను. ఫిర్యాదులు.

న్యాయవాది తప్పు చేస్తే క్లయింట్ ఎక్కడికి వెళ్లాలి? ఒకప్పుడు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని జాతీయ కమిషన్ 2007లో చెప్పింది. 2024 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని తేల్చింది. మనమంతా ఊపిరి పీల్చుకున్నాం, స్వీట్లు పంచుకున్నవాళ్లూ ఉన్నారు. సరే, తీర్పు సరైనదే అనుకుందాం. కానీ ఆ తలుపు మూసుకున్నాక, తన వృత్తిధర్మం తప్పిన న్యాయవాది మీద శిక్ష కోరే సామాన్యుడికి మిగిలిన పెద్ద తలుపు బార్ కౌన్సిల్‌దే. ఆ తలుపు తెరిచి ఉందా లేదా అన్నది ఇకమీదట మన పరువుకి సంబంధించిన విషయం.

ఫిర్యాదు వస్తే ఏం జరుగుతుందో చెబుతాను. 35వ సెక్షన్. ఫిర్యాదు అందాక, దుష్ప్రవర్తన జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే కౌన్సిల్ దాన్ని క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ఆ కమిటీలో ముగ్గురు. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, మూడో వ్యక్తి సభ్యుడు కాని, పదేళ్ల ప్రాక్టీసు ఉన్న న్యాయవాది. సాక్షుల్ని పిలిపించడంలో, కాగితాలు తెప్పించడంలో సివిల్ కోర్టుకుండే అధికారాలు వాళ్లకుంటాయి. చివరికి ఫిర్యాదు కొట్టేయొచ్చు, మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, రోల్ నుంచి పేరే తీసేయొచ్చు. దాని మీద 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి, అక్కడి నుంచి మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకి అప్పీలు. ఇక అందరూ మర్చిపోయే సెక్షన్ 36బి: ఫిర్యాదు అందిన రోజు నుంచి ఏడాది లోపు తేల్చాలి, తేలకపోతే ఆ కేసు దానంతటదే ఢిల్లీకి బదిలీ అవుతుంది.

ఏడాది అని చట్టం ఊరికే రాయలేదు. కక్షిదారుల ఫిర్యాదులు ఎలాంటివో మీకూ తెలుసు. ఫైలు తిరిగి ఇవ్వడం లేదు, ఫీజు బాకీ అంటున్నారు. మోటారు ప్రమాదం కేసులో వచ్చిన పరిహారంలో సగం చేతికి రాలేదు. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. కేసు డిస్మిస్ అయి చాలాకాలమైనా వాయిదా పడిందనే చెబుతూ వచ్చారు. వీటిలో ఫైలు సంగతి 2000లోనే ఆర్.డి.సక్సేనా కేసులో తేలిపోయింది. ఫీజు బాకీ ఉన్నా సరే క్లయింట్ కాగితాలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదు, అలా పట్టి ఉంచితే అది దుష్ప్రవర్తన కిందికే వస్తుంది అని. పాతికేళ్లు గడిచినా ఇప్పటికీ తమ కేసు కాగితాల కట్ట కోసం కోర్టు మెట్ల మీద బతిమాలుకునే ముసలివాళ్లు కనిపిస్తారు. అప్పీలు గడువు రోజుల్లో అయిపోతుంటే, ఆ మనిషికి ఏడాది తర్వాత వచ్చే ఉత్తర్వు ఎందుకు? అలాంటిది ఏడాదికి కూడా రాకపోతే?

ఎందుకు ఆలస్యం అవుతుందో మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. కౌన్సిల్ సభ్యులు మన ఓట్లతో గెలిచినవాళ్లు. విచారణ జరపాల్సింది ఆ ఓటర్ల మీద. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. చాలామంది జీతం లేకుండా, సొంత కేసులు మానుకుని వచ్చి కూర్చునేవాళ్లే. కానీ ఏర్పాటులోనే మొహమాటం ఉంది. గట్టిగా ఉంటే ఓట్లు పోతాయి, నాన్చితే ఎవరూ అడగరు. కాబట్టి మనం అడగాలి, అడుగుతున్నారని వాళ్లకు తెలియాలి.

ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఓడిపోయిన ఎదుటి పార్టీ కక్షతో మన మీద పెట్టే ఫిర్యాదులు తక్కువేం కాదు. అఫిడవిట్ ఇచ్చిన మనిషి ఫలానా అని గుర్తించి దాని మీద సంతకం పెట్టిన పాపానికి ఏళ్లు తిరిగే న్యాయవాదులున్నారు. తనతో ఏ సంబంధమూ లేని న్యాయవాది మీద ఎదుటి పక్షం పెట్టిన అర్థంలేని ఫిర్యాదుల్ని కౌన్సిల్ విచారణకు పంపడాన్ని 2025లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుబట్టింది కూడా. అంటే త్వరగా తేల్చడం నిర్దోషి న్యాయవాదికీ అంతే అవసరం. నోటీసు నెత్తిన పెట్టుకుని ప్రాక్టీసు చేయడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు.

నేను కోరేది చిన్నది. 12వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్ర కౌన్సిల్ ఏటా ఆడిట్ చేయించిన లెక్కలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పంపాలి, గెజిట్‌లో అచ్చు వేయించాలి. డబ్బు లెక్కకి చట్టమే గడువు పెట్టింది. అలాగే పని లెక్క కూడా ఏటా రావాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని మొదట్లోనే కొట్టేశారు, ఎన్ని కమిటీకి వెళ్లాయి, ఎన్ని ఏడాదిలో తేలాయి, ఎన్ని 36బి కింద ఢిల్లీకి పోయాయి. ఎవరి పేర్లూ వద్దు, అంకెలు చాలు. ఒక్క పేజీలో, తెలుగులో, ప్రతి కోర్టు నోటీసు బోర్డు మీద. దీనికి చట్ట సవరణ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఆఫీసులో రిజిస్టర్ ఉంటుంది కదా, దాన్ని కూడితే సరిపోతుంది.

ఎన్నికలప్పుడు ఇదే అడగండి. ఓటర్లు పదివేలు దాటిన రాష్ట్రంలో 25 మందిని ఎన్నుకుంటాం, అందులో సుమారు సగం మంది పదేళ్లకు పైగా ప్రాక్టీసు ఉన్నవాళ్లు కావాలి. ఓటు ప్రాధాన్యతా క్రమంలో వేస్తాం, 1, 2, 3 అని. గెలిచినవాళ్ల మిగులు ఓట్లు, చివరనున్నవాళ్ల ఓట్లు తర్వాతి ప్రాధాన్యతకి బదిలీ అవుతూ వెళతాయి కాబట్టే లెక్కింపు అన్ని రోజులు పడుతుంది. ఈ పద్ధతిలో మీ రెండో ఓటు, మూడో ఓటు కూడా విలువైనవే. ఒక్క పేరు పక్కన 1 రాసి కాగితం మడిచేయకండి. మహిళల సంగతి చివర్లో చెబుతానన్నాను. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో మహిళలకు 30 శాతం ఉండాలని చెప్పింది. చెల్లెళ్లలారా, కో-ఆప్షన్ కోసం, అంటే ఎన్నిక లేకుండా కౌన్సిల్‌లోకి తీసుకుంటారని, ఎదురు చూడొద్దు, నామినేషన్ వేయండి.

(ప్రశ్న: సర్, ఫిర్యాదుల అంకెలు బయట పెడితే జనంలో మనందరి మీదా చెడ్డపేరు రాదా?)

మంచి ప్రశ్న. చెడ్డపేరు ఇప్పటికే ఉందమ్మా. లాయర్లు అంతా ఒకటే, వాళ్ల మీద ఎవరికి చెప్పుకోవాలి అనే మాట బస్టాండులో వినపడుతుంది. అంకెలు లేవు కాబట్టి జనం ఊహించుకుంటున్నారు, ఊహ ఎప్పుడూ అంకె కంటే పెద్దగానే ఉంటుంది. వందల కేసులు నడిపే న్యాయవాదులు వేలమంది ఉన్న రాష్ట్రంలో ఫిర్యాదులు ఇన్ని, అందులో నిలబడినవి ఇన్ని అని తెలిస్తే నిజాయితీగా పనిచేసే ఎక్కువమందికే మేలు.

(ప్రశ్న: మా సీనియర్ మీద ఫిర్యాదు వస్తే మేం ఏం చేయాలి?)

అబద్ధం చెప్పొద్దు. రికార్డు దాచొద్దు. తేదీలు వేసి ఉన్న మీ డైరీ జాగ్రత్తగా పెట్టుకోండి. అది ఆయన తప్పు చేయకపోతే ఆయన్ని కాపాడుతుంది, చేస్తే మిమ్మల్ని కాపాడుతుంది.

వచ్చే జనరల్ బాడీలో పెట్టడానికి ఒక తీర్మానం ముసాయిదా రాసి తెచ్చాను, నేను చెప్పిన ఐదు అంకెలూ అందులో ఉన్నాయి. కాపీలు బయట టేబుల్ మీద ఉన్నాయి. చదివి, మార్పులుంటే పక్కన రాసి, ఒప్పుకుంటే సంతకం పెట్టి ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వేయండి. పక్క తాలూకా బార్లకి కూడా ఈ వారంలోనే పంపుదాం.